సెకండ్‌హ్యాండ్ గోల్ఫ్ జీటీఐ: బెల్ట్ ఇంజినా, చైన్ ఇంజినా?

ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐలో ఐదో తరం (2004–2009), ఆరో తరం (2009–2012) బళ్లు రెండిట్లోనూ 2.0 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజినే ఉంటుంది. మొదటిది 200 పీఎస్, రెండోది 210. నడిపితే తేడా తెలిసీ తెలియనట్టు ఉంటుంది గానీ బానెట్ కింద ఉన్నవి వేర్వేరు ఇంజిన్లు. ఐదో తరంలోని ఈఏ113 టైమింగ్ బెల్టుతో (వాల్వులు, పిస్టన్లు లయ తప్పకుండా కదిలేలా చూసే పట్టీ) నడుస్తుంది, దాని జబ్బులు కాస్త ఓపికగా విప్పి చూస్తే కంటికి కనిపిస్తాయి. ఆరో తరంలోని ఈఏ888లో ఆ పని చైను చేస్తుంది. దాని అసలు జబ్బు లోపలే దాక్కుంటుంది, బయటపడే రోజుకి ఇంజినే పోతుంది. అందుకే వయసు మీదపడినా సర్వీస్ బిల్లులున్న ఐదో తరం బండికే మా ఓటు.

తయారైన సంవత్సరం చూసి ఇంజిన్ ఏదో తేల్చేయకండి. ఉత్తర అమెరికాలో అమ్మిన ఐదో తరం బళ్లలో చివరివాటికి చైన్ ఇంజినే వచ్చింది. ఆరో తరం గోల్ఫ్ ఆర్‌కీ, జీటీఐ ఎడిషన్ 35కీ మాత్రం పాత బెల్ట్ ఇంజినే. స్పేర్ టైరు గుంటలోనో సర్వీస్ పుస్తకంలోనో అతికించిన స్టిక్కర్ మీద ఇంజిన్ కోడ్ ఉంటుంది. ఏఎక్స్‌ఎక్స్, బీడబ్ల్యూఏ, బీపీవై అని ఉంటే బెల్టు. సీసీజెడ్‌బీ, సీసీటీఏ, సీబీఎఫ్ఏ అని ఉంటే చైను.

బెల్ట్ ఇంజిన్లో ముందు చూడాల్సింది క్యామ్ ఫాలోయర్. చిన్న గిన్నెలా ఉండే ఉక్కు ముక్క ఇది. ఇన్‌టేక్ క్యామ్‌షాఫ్ట్ (గాలి లోపలికి పోయే వాల్వుల్ని తెరిచే కడ్డీ) కొసన ఉన్న లోబ్ (ఉబ్బెత్తు భాగం) దీన్ని నొక్కుతుంది, ఇది హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు పిస్టన్‌ని నొక్కుతుంది. మధ్యలో రోలర్ లేదు, లోహం మీద లోహం జారడమే. కొత్త ఫాలోయర్ మీద నల్లటి పూత ఉంటుంది. అరిగేకొద్దీ పూత పోయి మధ్యలో బూడిద రంగు వలయం, తర్వాత అద్దంలా మెరిసే మచ్చ, ఆ తర్వాత సొట్ట పడతాయి. ఆఖరికి చిల్లే. చిల్లు పడ్డాక పంపు పిస్టన్ నేరుగా క్యామ్‌ని గీకుతుంది, ఆ రజను ఆయిల్లో కలుస్తుంది, ఫ్యూయల్ ప్రెషర్ పడిపోయి బండి లింప్ మోడ్‌లోకి (పవర్ తగ్గించుకుని ఇంజిన్ తనను కాపాడుకునే స్థితి) వెళ్తుంది. ఫాలోయర్ ఖర్చు లెక్కలోకి రాదు. క్యామ్‌షాఫ్ట్, పంపు మార్చాల్సి వస్తే మాత్రం బేరంలో మిగిల్చుకున్నదంతా అక్కడే పోతుంది.

పంపు సిలిండర్ హెడ్‌కి గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. టీ30 టార్క్స్ బిట్‌తో మూడు బోల్టులు విప్పితే చేతికొస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, లైన్లో ప్రెషర్ వదిలించాకే ముట్టుకోవాలి. లేకపోతే పెట్రోలు మొహాన చిమ్ముతుంది. కొనేవాడి చేత పంపు విప్పించడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోరు, అది సహజమే. వాళ్ల మెకానిక్ చేతనే విప్పించి మీ ఎదుట చూపించమనండి. 20–30 వేల కిలోమీటర్లకోసారి ఫాలోయర్ చూసినట్టు బిల్లులుంటే ఆ యజమాని బండిని ఎరిగినవాడని అర్థం. ‘అదేంటి?’ అని అడిగాడా, పూర్తిగా అరిగిపోయిందనుకునే ధర మాట్లాడండి.

టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చలేదనే లెక్క. కంపెనీ చెప్పే గడువు దేశాన్ని బట్టి మారుతుంది. జాగ్రత్తపరులు ఐదేళ్లో లక్ష కిలోమీటర్లో, ఏది ముందొస్తే దానికి మార్చేస్తారు. వాటర్ పంపు కూడా ఆ బెల్టుతోనే తిరుగుతుంది కాబట్టి బిల్లులో బెల్టు, టెన్షనర్ (బెల్టుని బిగువుగా ఉంచేది), రోలర్లు, వాటర్ పంపు నాలుగూ ఉండాలి. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకి కొట్టుకుంటాయి. ఇక టర్బోకి ఉన్న డైవర్టర్ వాల్వులో (ఎక్కువైన గాలి ప్రెషర్‌ని మళ్లించేది) పాత రకం రబ్బరు పొర చిరుగుతుంది. అప్పుడు పికప్ మందగించి పీ0299 అనే తప్పు కోడ్ పడుతుంది. అది చిన్న పనే, దానికి భయపడి బండి వదులుకోనక్కర్లేదు.

చైన్ ఇంజిన్ సంగతి వేరు. అందులో ఫాలోయర్‌కి రోలర్ ఉంది, ఆ బెంగ లేదు. బెంగంతా చైన్ టెన్షనర్‌తోనే. ఇంజిన్ ఆగగానే ఆయిల్ ప్రెషర్ పోతుంది. అప్పుడు చైనుని బిగువుగా పట్టి ఉంచాల్సిన రాచెట్ (ఒక వైపే కదలనిచ్చే పళ్ల కొక్కెం) పాత డిజైన్లో జారిపోతుంది. మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు వదులుగా ఉన్న చైను ఒక పన్ను దాటిందంటే వాల్వులు వంగిపోతాయి. హ్యాండ్‌బ్రేక్ వేయకుండా గేర్‌లో వదిలేసిన మాన్యువల్ బండి వాలులో వెనక్కి కదిలినా ఇదే ప్రమాదం.

ఇక్కడ కోల్డ్ స్టార్ట్ (చల్లారిన ఇంజిన్‌ని స్టార్ట్ చేయడం) చూడకుండా డబ్బు ఇవ్వకండి. బండి స్టార్ట్ చేసి ఉంచొద్దని ముందే చెప్పి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు రండి. స్టార్ట్ చేశాక గరగరమనే శబ్దం క్షణంలో ఆగాలి, రెండు మూడు సెకన్లు సాగితే చైను వదులైనట్టే. వీసీడీఎస్ లాంటి స్క్యానర్ (బండి కంప్యూటర్‌ని చదివే పరికరం) ఉంటే 93వ డేటా బ్లాకులో క్యామ్ ఫేజ్ పొజిషన్ (క్యామ్ ఎంత పక్కకి జరిగిందన్న లెక్క) చూడండి. సున్నాకి దగ్గరగా ఉంటే నిశ్చింత. మైనస్ 4 డిగ్రీలు దాటితే చైను సాగిందని అనుమానించాల్సిందే. టైమింగ్ కవర్ మీదున్న రబ్బరు బిరడా తీస్తే టెన్షనర్ పిస్టన్ పళ్లు కూడా కనిపిస్తాయి. ఎన్ని ఎక్కువ పళ్లు బయటికొస్తే చైను అంత సాగినట్టు. కొత్త డిజైన్ టెన్షనర్ వేయించిన బిల్లుంటే నాలుగు డబ్బులు ఎక్కువిచ్చినా నష్టం లేదు.

ఈ ఇంజిన్ ఆయిల్ కూడా తాగుతుంది. వెయ్యి కిలోమీటర్లకి అర లీటరు దాకా మామూలేనని కంపెనీ లెక్క, మా లెక్కలో అది మామూలు కాదు. డిప్‌స్టిక్ అడుగంటి ఉంటే బేరం ఆపేయండి, ఆయిల్ తగ్గితే మొదట నలిగేది టెన్షనరే. పీసీవీ (ఇంజిన్ లోపల చేరే వాయువుల్ని తిరిగి ఇన్‌టేక్‌కి పంపే వాల్వు) పొర చిరిగితే ఇంజిన్ నడుస్తుండగా ఈల లాంటి కూత వస్తుంది, డిప్‌స్టిక్ కాస్త పైకి లాగగానే ఆగిపోతుంది. దాన్ని అలాగే వదిలేసిన బండిలో గేర్‌బాక్స్ దగ్గరి రియర్ మెయిన్ సీల్ నుంచి ఆయిల్ కారుతుంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ (గాలిని సిలిండర్లకి పంచే గొట్టాలు) కింద ప్లాస్టిక్ వాటర్ పంపు హౌసింగ్ ఉంటుంది, దాని చుట్టూ గులాబీ రంగు ఎండిన చారలుంటే కూలెంట్ లీకు. పీ2015 కోడ్ పడితే మానిఫోల్డ్ ఫ్లాపులు పోయినట్టు.

రెండూ డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లే. పెట్రోలు ఇన్‌టేక్ వాల్వుల మీదుగా పోదు కాబట్టి వాటిని కడిగేదేమీ లేక మసి గట్టిపడుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఐడిల్ వణికి, వేడెక్కాక సర్దుకుంటే అనుమానం దీని మీదే. పరిష్కారం వాల్‌నట్ బ్లాస్టింగ్ (అక్రోటు చిప్పల పొడిని గాలితో కొట్టి మసి రాల్చడం). ఇంజెక్టర్ క్లీనర్ సీసాలతో ఈ మసి పోదు, ఎవరెన్ని చెప్పినా.

ఆరు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్, డీక్యూ250) ఆయిల్లో మునిగి ఉండే తడి క్లచ్ రకం, గట్టిదే. కాకపోతే 60 వేల కిలోమీటర్లకోసారి ఆయిల్, ఫిల్టర్ మార్చి తీరాలి. ఒక్కో మార్పిడికి సుమారు 5 లీటర్లు పడుతుంది. అరగంట నడిపి బాగా వేడెక్కాక చూడండి: బ్రేక్ వదిలితే కుదుపు లేకుండా పాకాలి, రివర్స్ వెంటనే పడాలి, ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు తన్నకూడదు. గేర్ అంకె మినుకుమినుకుమంటే మెకట్రానిక్ యూనిట్ (గేర్లు మార్చే కంట్రోల్ భాగం) జోలికి పోవాల్సి వస్తుంది.

రీమ్యాప్ చేసి (పవర్ పెంచేలా ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి) నడిపి, అమ్మే ముందు మళ్లీ మామూలు సాఫ్ట్‌వేర్ ఎక్కించిన బళ్లు ఎన్నో. సాఫ్ట్‌వేర్ పోయినా క్లచ్ అరుగుదల పోదు. మాన్యువల్ అయితే ఆరో గేర్‌లో 2,000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. స్పీడు పెరగకుండా ఆర్‌పీఎం ముందు పరుగెత్తితే క్లచ్ జారుతోంది. స్క్యానర్లో తప్పు కోడ్ ఒక్కటీ లేదని సంబరపడే ముందు రెడీనెస్ మానిటర్లు (బండి తనకు తాను చేసుకునే పరీక్షలు) చూడండి. ‘పూర్తి కాలేదు’ అని చూపిస్తే ఈమధ్యే ఎవరో కోడ్లు చెరిపేశారు.

ఐదో తరం బాడీలో తుప్పు చూడాల్సిన చోటు ముందు ఫెండర్లు. లోపలి ఫోమ్ తేమని పట్టి ఉంచుతుంది, తుప్పు లోపలినుంచి బయటికొస్తుంది. ముందు స్ప్రింగుల చివరలు విరిగాయేమో చక్రం వెనక నుంచి టార్చి వేసి చూడండి.

డబ్బు వెసులుబాటు ఉంటే 2013 నుంచి వచ్చిన ఏడో తరం చూడొచ్చు. చైను భయం బాగా తగ్గింది, వాటర్ పంపు హౌసింగ్ లీకు మాత్రం అందులోనూ ఉంది.