మైనం దిమ్మల గదికి పూర్తి మార్కులు, కన్ఫోకల్‌కు కాస్త తక్కువ

మా ల్యాబ్ తార్నాక వైపు. ఎలుకల కాలేయం, కిడ్నీ స్లైడ్ల పనంతా కొన్నేళ్లుగా నగరంలోని ఒక ఉమ్మడి హిస్టాలజీ (కణజాలాన్ని పల్చగా కోసి, రంగు వేసి చూసే పని), మైక్రోస్కోపీ కేంద్రంలోనే చేయించుకుంటున్నాం. పేరు చెప్పను, ఎందుకో చదివితే తెలుస్తుంది.

నాకు బాగా నచ్చింది వాళ్ల కౌంటర్. శాంపిల్ ఇవ్వగానే సీసా ఎత్తి చూస్తారు. ముక్క అర సెంటీమీటరుకు మించి మందంగా ఉన్నా, ముక్క పాడవకుండా నిలబెట్టే ఫార్మలిన్ ద్రవం దానికి కనీసం పదింతలు లేకపోయినా అక్కడికక్కడే వెనక్కి ఇచ్చేస్తారు. కొత్తగా చేరిన పీహెచ్‌డీ పిల్లలకు ఒళ్లు మండుతుంది. కానీ ఫార్మలిన్ కణజాలంలోకి గంటకు సుమారు ఒక మిల్లీమీటరే ఇంకుతుంది. మందపాటి ముక్క పైన గట్టిపడి, లోపల పాడైపోతుంది. ఆ తర్వాత ఫలానా ప్రోటీన్ ఎక్కడుందో పట్టిచూపే యాంటీబాడీ ఎంత ఖరీదైనది వేసినా దండగే.

ఇక కోత. మే నెల ఎండలకు, ముక్కను పొదిగిన పారాఫిన్ మైనం మెత్తబడి, 4 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మందాన రిబ్బన్‌లా వచ్చే కోత నలిగిపోతుంది. అక్కడి సీనియర్ టెక్నీషియన్ దిమ్మల్ని ఐస్ మీద పెట్టుకుని ఒక్కొక్కటే తీసి కోస్తారు. రిబ్బన్‌ని వెచ్చటి నీళ్ల మీద వదిలి, ముడతలు వాటంతటవే విప్పుకునే దాకా ఆగి, స్లైడ్‌ని కింద నుంచి ఏటవాలుగా పైకి తీస్తారు. ఆయన సెలవు పెట్టిన వారం వచ్చిన స్లైడ్లను మా వాళ్లు చూడగానే పట్టేస్తారు.

చిరాకంతా కన్ఫోకల్ దగ్గరే, అంటే లేజర్‌తో చూసే మైక్రోస్కోపు దగ్గర. స్లాట్ దొరకడమే గగనం. తీరా దొరికాక చూస్తే, ముందు వాడినవాళ్లు తుడవకుండా వదిలేసిన లెన్స్ ఆయిల్, అసలు ఆయిల్ తగలకూడని 20ఎక్స్ డ్రై లెన్స్‌కి కూడా అంటుకుని ఉంటుంది. బొమ్మ మసగ్గా వస్తే స్టెయినింగే పోయిందేమోనని సగం స్లాట్ టెన్షన్‌లోనే గడుస్తుంది. లాగ్‌బుక్‌లో ఫిర్యాదు రాస్తే కింద సంతకం పెడతారు, అంతే. గంటల లెక్కన బిల్లు మాత్రం పూర్తిగా పడుతుంది.

అయితే ఆపరేటర్ గట్టి మనిషి. ఫార్మలిన్‌లో ఉన్న కణజాలం ఏ రంగూ వేయకపోయినా లేజర్ కింద దానంతటదే ఆకుపచ్చగా మెరుస్తుంది, ఎర్ర రక్తకణాలైతే మరీను. అందుకే పోల్చి చూసుకోవడానికి ప్రైమరీ (మొదట వేసే అసలు) యాంటీబాడీ వేయని కంట్రోల్ స్లైడ్ చూపించందే ఆవిడ 488 నానోమీటర్ల లేజర్ ఆన్ చేయనివ్వరు.

వెళ్లేవాళ్లు మార్చి తప్పించుకోండి. ఏడాది గ్రాంటు ముగిసేలోపు ఖర్చు చూపించాలని నగరంలోని ల్యాబులన్నీ అక్కడే క్యూ కడతాయి. ఎముక శాంపిళ్లుంటే ఇంకా ముందే ఇవ్వాలి, కోతకు వీలుగా మెత్తబడేలా ఈడీటీఏ అనే రసాయనంలో కాల్షియం పోవడానికే వారాలు పడుతుంది.