స్టార్టప్ నాసా: లైసెన్సు ఉచితమే, అసలు ఖర్చు తర్వాతే

ప్రభుత్వ పరిశోధనలో పుట్టిన పేటెంట్లను కొత్త కంపెనీల చేతికివ్వడానికి నాసా 2015 అక్టోబరులో తెచ్చిన పథకం ఇది. లైసెన్సుకు ముందుగా కట్టాల్సిన రుసుము మాఫీ. మొదటి మూడేళ్లు కనీస రుసుమూ లేదు. సరుకు అమ్ముడుపోవడం మొదలయ్యాకే రాయల్టీ, అంటే అమ్మకాల్లో నాసాకు ఇచ్చే వాటా. అయితే కంపెనీని ఆ టెక్నాలజీని మార్కెట్లోకి తేవడానికే పెట్టి ఉండాలి. లైసెన్సు కూడా నాన్ ఎక్స్‌క్లూజివ్, అంటే అదే పేటెంటును రేపు మీ పోటీదారుకీ ఇవ్వొచ్చు.

నాసా వెబ్‌సైట్‌లో పేటెంటు గురించి ఉన్న ఒక పేజీ పరిచయం చదివి మురిసిపోవద్దు. అసలు పేటెంటు తీసి మొదటి క్లెయిము, అంటే హక్కు ఎంతవరకో చెప్పే వాక్యం చదవండి. అందులోని అంశాల్లో ఒక్కటి మీ ఉత్పత్తిలో లేకపోయినా ఆ క్లెయిము మీకు వర్తించడం కష్టం. మిగతా స్వతంత్ర క్లెయిములూ (వేరే క్లెయిము మీద ఆధారపడనివి) అలాగే తేలిపోతే లైసెన్సు అవసరమే ఉండకపోవచ్చు. తర్వాత పేటెంటుకు దరఖాస్తు దాఖలైన తేదీ చూడండి. అమెరికాలో పేటెంటు ఆయుష్షు ఆ తేదీ నుంచి 20 ఏళ్లు. 2010లో దాఖలైనదాన్ని తీసుకుని ఉత్పత్తి తయారీకి ఐదేళ్లు పెడితే చేతిలో మిగిలేది పెద్దగా ఉండదు.

లైసెన్సు దరఖాస్తులో ముఖ్య భాగం వ్యాపార ప్రణాళిక. అది లేకుండా ఏ ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) సంస్థా పేటెంటు లైసెన్సు ఇవ్వకూడదని చట్టమే చెబుతోంది. ఎవరు కొంటారు, పెట్టుబడి ఎక్కడిది, పని చేసేది ఎవరు, మొదటి సరుకు ఎప్పుడు బయటికొస్తుంది అన్నవి రాయాలి. ఇన్వెస్టర్లకు చూపించే అతి ఆశతో వేసిన తేదీలు ఇక్కడ రాస్తే ఇరుక్కుంటారు. పురోగతి నివేదికలు ఇవ్వాలి, ప్రణాళిక అమలు చేయకపోతే లైసెన్సు రద్దు చేసే అధికారం నాసాకుంది.

ఈ పథకంలో రానిది డబ్బు. చేతికొచ్చేది పేటెంటు హక్కు మాత్రమే, తయారీ విద్య కాదు. టెక్నాలజీ ఎంత పరిపక్వమైందో 1 నుంచి 9 వరకు కొలిచే టీఆర్‌ఎల్ కొలమానం నాసాలో పుట్టిందే. మీకు నచ్చిన పేటెంటు అందులో 3, 4 దగ్గరే ఆగిపోయి ఉండొచ్చు. తపాలా బిళ్లంత నమూనా మీద చక్కగా అంటుకున్న పూత, మీటరు పలక మీద ఆరేటప్పుడు అంచుల్లో ఒకలా, మధ్యలో ఒకలా కుంచించుకుని పగలొచ్చు. అలాంటివి పేటెంటులో రాయరు. అందుకే దరఖాస్తుకు ముందే ఆవిష్కర్తతో మాట్లాడే ఏర్పాటు అడగండి: ఎన్ని బ్యాచ్‌లు పోయాయి, ఏ ముడిసరుకు దొరకడం కష్టం, కొలతలు ఎవరు తీశారు? రాయల్టీలో ఏటా మొదటి 2,000 డాలర్లు, ఆపైన కనీసం 15 శాతం ఆవిష్కర్తలకే చేరాలన్నది చట్టం కాబట్టి వాళ్లకూ ఆసక్తి ఉంటుంది. లైసెన్సు తర్వాత వాళ్ల సమయం, ప్రయోగశాల కావాలంటే మాత్రం స్పేస్ యాక్ట్ ఒప్పందం (బయటివాళ్లతో కలిసి పనిచేయడానికి నాసా చేసుకునేది) వేరే చేసుకుని ఖర్చు మీరే భరించాల్సి రావచ్చు.

రాయల్టీ లెక్క లాభం మీద కాదు, నికర అమ్మకాల మీద. 4 శాతం అనుకుంటే, 10 శాతం మార్జిన్ ఉన్న కంపెనీ లాభంలో 40 శాతం అటే పోతుంది. నష్టాల్లో ఉన్నా కట్టాల్సిందే. హార్డ్‌వేర్ వాళ్లకు ఇంకో మెలిక: అమెరికాలో అమ్మే సరుకు చాలామటుకు అక్కడే తయారు కావాలన్నది ఫెడరల్ లైసెన్సుల్లో మామూలు షరతు. ఆసియాలో తయారీ పెట్టుకుని వేసిన ధరల లెక్కలన్నీ అక్కడ తారుమారవుతాయి.

ఒక్క పేటెంటే సర్వస్వం అనుకునే కంపెనీలకు ఈ పథకం సరిపడదు. నాసా పేటెంటు ఒక భాగంగా ఉండి, సొంత తయారీ పద్ధతో కొనుగోలుదారులపై పట్టో బలంగా ఉన్నవాళ్లకు ఇంతకన్నా చవకైన దారి అరుదు. లైసెన్సు ఆధారంగా మీరు చేసిన మెరుగుదలకు మీరే పేటెంటు వేసుకోవచ్చు. ఆ పని మొదటి ఏడాదే మొదలుపెట్టండి, రెండో లైసెన్సుదారు మీ మెరుగుదలను వాడుకోకుండా ఆపేది అదే. ఎక్స్‌క్లూజివ్ హక్కే కావాలంటే మామూలు రుసుముల దారిలో వెళ్లాలి. అక్కడ బహిరంగ ప్రకటన ఇచ్చి కనీసం 15 రోజులు అభ్యంతరాలకు ఆగుతారు, పెట్టుబడి ఒప్పందం తేదీలు దాన్ని బట్టి వేసుకోండి.