వాట్సాప్ వస్తోంది, పేజీలు తెరుచుకోవట్లేదు: డీఎన్ఎస్ ఎక్కడ మార్చడం మేలు?

ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడగని నెల లేదు. "వైఫై గుర్తు నిండుగా ఉంది, వాట్సాప్ మెసేజులు వస్తున్నాయి, క్రోమ్‌లో మాత్రం ఒక్క సైటూ రావట్లేదు. బ్రౌజర్ తీసేసి మళ్లీ వేసుకోమంటారా?" అని.

ఆ పని పెట్టుకోకండి. ముందు కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 8.8.8.8కి పింగ్ కొట్టండి, అంటే ping 8.8.8.8 అని టైప్ చేసి అవతలి నుంచి జవాబొస్తుందో లేదో చూడండి, తర్వాత గూగుల్ డాట్ కామ్‌కి కొట్టండి. నంబరుకి జవాబొచ్చి, పేరు మాత్రం దొరకలేదంటే లైన్‌లో లోపం లేదు. పేరుకి అడ్రసు వెతికిపెట్టే డీఎన్ఎస్ దగ్గరే పని ఆగింది. వాట్సాప్ అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్‌ని పట్టుకుని ఉంటుంది కాబట్టి దానికి ఆ సెగ వెంటనే తగలదు. రెండిటికీ జవాబొస్తే అప్పుడు బ్రౌజర్ వైపు చూడాలి. ఇన్‌కాగ్నిటోలో పేజీ వస్తే ఎక్స్‌టెన్షన్లో, పాత కుకీలో కారణం. వీపీఎన్, కంప్యూటర్ తేదీ కూడా ఒకసారి చూడండి, తేదీ బాగా తప్పితే సెక్యూర్ సైట్లు తెరుచుకోవు.

లోపం డీఎన్ఎస్‌దే అయితే నెట్ కంపెనీ ఇచ్చినదాని బదులు వేరేది పెట్టుకోవాలి. ఏ డీఎన్ఎస్ మంచిదన్న దాని మీద పెద్ద చర్చ అక్కర్లేదు. గూగుల్‌ది 8.8.8.8, క్లౌడ్‌ఫ్లేర్‌ది 1.1.1.1. మోసపు సైట్లను ఆపేది కావాలంటే క్వాడ్9 వారి 9.9.9.9. ఇంటి వాడకంలో వీటి మధ్య తేడా మనకి తెలియదు. ఒక్కటి మాత్రం పాటించండి: డీఎన్ఎస్ నంబర్లకి రెండు గడులున్న చోట మొదటి గడిలో ఒక సంస్థది, రెండో గడిలో ఇంకో సంస్థది పెట్టండి. 2025 జులై 14న క్లౌడ్‌ఫ్లేర్ డీఎన్ఎస్ గంట సేపు ఆగిపోయినప్పుడు 1.1.1.1తో పాటు దాని జత 1.0.0.1 కూడా పోయింది.

ఆ నంబర్లు ఎక్కడ పెట్టాలి? అసలు ఆలోచించాల్సింది ఇదే. బ్రౌజర్‌లో పెట్టుకోవచ్చు, క్రోమ్ సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో సెక్యూర్ డీఎన్ఎస్ అని ఉంటుంది. అది ఆ బ్రౌజర్ వరకే, మిగతా యాప్‌లకి పనికిరాదు.

ఫోన్‌లో పెట్టుకోవడం అంతకన్నా గట్టి పని. ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రైవేట్ డీఎన్ఎస్ ఉంది. అక్కడ నంబరు కాదు, "డీఎన్ఎస్ డాట్ గూగుల్" లాంటి పేరు ఇవ్వాలి. మన ప్రశ్నలు, అంటే ఏ సైటు అడ్రసు అడుగుతున్నామన్నది, గుప్తంగా వెళ్తాయి, మొబైల్ డేటా మీద కూడా పనిచేస్తుంది. మామూలు డీఎన్ఎస్ ప్రశ్నల్ని దారిలోనే తనవైపు తిప్పుకునే నెట్ కంపెనీ దగ్గర రౌటర్‌లో నంబరు మార్చినా లాభం ఉండదు, ఇది మాత్రం దాటిపోతుంది. నా ఫోన్‌లో ఇదే ఉంది.

అమ్మ ఫోన్‌లో కూడా ఇదే పెట్టాను, అదే పొరపాటైంది. పేరు ఇచ్చి పెట్టిన ప్రైవేట్ డీఎన్ఎస్ ఆ సర్వర్‌ని అందుకోలేకపోతే వేరే దారి చూసుకోదు, అక్కడే ఆగిపోతుంది. ఆఫీసులు, హాస్టళ్లు, లాడ్జీల్లోని కొన్ని వైఫైలు ఆ దారిని మూసి ఉంచుతాయి. లాగిన్ పేజీ కూడా ఒక్కోసారి రాదు. పోయిన నెల ఒక ఆసుపత్రిలో రిపోర్టులు డౌన్‌లోడ్ చేయబోతే అమ్మ ఫోన్‌లో ఏదీ తెరుచుకోలేదు. లోపల సిగ్నల్ లేదు, ఉన్నది ఆ వైఫై ఒక్కటే. అలాంటి సెట్టింగ్ ఒకటి ఉందని కూడా ఆవిడకి తెలియదు. నేనేమో ఫోన్ ఎత్తలేని చోట ఉన్నాను. గంటన్నర ఆవిడ పడిన టెన్షన్ నా వల్లే.

అప్పటి నుంచి వేగం, గోప్యత కన్నా ముందు నేను చూసేది ఒకటే. అది పనిచేయని రోజున దాన్ని వాడే మనిషి పరిస్థితి ఏమిటి?

ఆ లెక్కన ఇంటికి రౌటరే మేలు. బ్రౌజర్‌లో రౌటర్ అడ్రసు 192.168.1.1కో 192.168.0.1కో వెళ్లి, ఇంట్లోని పరికరాలకి నెట్ వివరాలు పంచే డీహెచ్‌సీపీ పేజీలో రెండు నంబర్లు మారిస్తే టీవీతో సహా ఇంట్లో అన్నిటికీ వర్తిస్తుంది. ఫోన్‌లో ఏమీ మార్చలేదు కాబట్టి బయట ఏ వైఫైకైనా మామూలుగా కలుస్తుంది. లోపాలూ ఉన్నాయి. ప్రశ్నలు గుప్తంగా వెళ్లవు, కొన్ని కంపెనీల డబ్బాల్లో ఆ పేజీకి తాళం ఉంటుంది, లైన్ బాగుచేయడానికి వచ్చినవాళ్లు రీసెట్ కొడితే మనం పెట్టినవి పోతాయి. అయితే పోయినా తిరిగి వచ్చేది కంపెనీ సొంత డీఎన్ఎస్సే. అది ఎక్కువ రోజులు పనిచేసేదే కాబట్టి అమ్మానాన్నలు చీకట్లో పడరు. ఐఫోన్‌లో నంబర్లు ఏ వైఫైకి ఆ వైఫైకే పెట్టుకోవచ్చు, రౌటర్‌కి తాళం ఉన్న ఇంట్లో అదీ బాగానే ఉంటుంది.

మార్చే ముందు పాత నంబర్లున్న పేజీని ఫొటో తీసి పెట్టుకోండి. మార్చాక ప్రతి ఫోన్‌లో వైఫై ఒకసారి ఆపి ఆన్ చేయండి, లేకపోతే కాసేపు పాత డీఎన్ఎస్‌నే అడుగుతుంటాయి. నాన్న దగ్గర కూర్చుని ఈ రెండూ ఆయన చేతే చేయించాను. అమ్మ ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్‌ని మళ్లీ ఆటోమేటిక్‌కి మార్చేశాను.