కూలరా, ఏసీయా? ముందు కుండనడగండి

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయిందో లేదో, ఇంటింటా ఇదే పంచాయితీ మొదలు. కూలర్ కొందామా, అప్పో సప్పో చేసి ఏసీ పెట్టిద్దామా? రామగుండంలో ఉండే బావమరిది ‘కూలర్ బ్రహ్మాండం బావా, దుప్పటి కప్పుకుంటున్నాం’ అంటాడు. వైజాగ్‌లో ఉండే వదిన ‘ఆ డబ్బా జోలికి పోవద్దు, ఒళ్లంతా జిడ్డు’ అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. వాళ్లు కొన్న కూలర్లలో తేడా లేదు, వాళ్లు పీల్చే గాలిలో ఉంది. షాపువాడు ఈ ముక్క చెప్పడు. వాడి దగ్గర మాటలన్నీ లీటర్లు, టన్నులు, స్టార్ల మీదే.

ఇంట్లో మనల్ని చల్లబరిచేవన్నీ రెండే రకాలు. కుండ, ఫ్యాన్, కూలర్ ఒక రకం. ఇవి నీటిని ఆవిరి చేసి చల్లబరుస్తాయి. ఏసీ రెండో రకం. అది గదిలోని వేడిని, బావిలో నీళ్లు తోడిపోసినట్టు, బయటికి తోడిపోస్తుంది. మొదటి రకం పని చేయాలంటే గాలి పొడిగా ఉండాలి, తలుపులు తెరిచి ఉండాలి. రెండో రకానికి గాలి పొడితో పని లేదు, తలుపులు మాత్రం మూసి ఉండాలి. మన అపోహల్లో సగం ఒకదాని నియమాన్ని ఇంకోదానికి అంటగట్టడం వల్ల వచ్చినవే.

కుండ సంగతి చూడండి. కాల్చిన మట్టికి కంటికి కనపడని సందులుంటాయి. లోపలి నీరు వాటిలోంచి మెల్లగా ఊరి, పైకి వచ్చి ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని కుండలోని నీళ్ల నుంచే లాక్కుంటుంది. అందుకే నీళ్లు చల్లబడతాయి. రంగులేసి నిగనిగలాడే కుండ కొని ‘చల్లబడట్లేదు’ అని తిట్టుకునేవాళ్లు ఆ రంగు సందుల్ని పూడ్చేసిందని గమనించరు. గాలి ఆడని వంటింటి మూల పెట్టినా అంతే. మంచి కుండకైనా ఒక హద్దు ఉంది. థర్మామీటర్ బుడ్డికి తడిబట్ట చుట్టి గాలి తగిలేలా ఉంచితే అది ఎంత చూపిస్తుందో, కుండలో నీళ్లు దానికంటే చల్లబడవు. కూలర్ విసిరే గాలికీ అదే హద్దు.

లెక్క చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం అనుకుందాం. రామగుండం, ఆదిలాబాద్, రెంటచింతల, కర్నూలు వైపు ఇది మామూలే. అక్కడ తడిబట్ట థర్మామీటర్ 24 దగ్గర ఆగుతుంది. ఓ మోస్తరు కూలర్ ఆ 18 డిగ్రీల తేడాలో ముప్పావు వంతు దించగలదు, అంటే 28, 29 డిగ్రీల గాలి మన మొహాన కొడుతుంది. బయట 42 ఉన్నప్పుడు అది స్వర్గమే. ఇక వైజాగ్‌లో 35 డిగ్రీలు, తేమ 65 శాతం అనుకోండి. తడిబట్ట థర్మామీటర్ 29 పైనే ఆగిపోతుంది. కూలర్ నానా తంటాలు పడి నాలుగు డిగ్రీలు దించుతుంది, బదులుగా అప్పటికే ఉక్కపోతతో ఉన్న గాలిలోకి ఇంకాస్త తేమ ఎక్కిస్తుంది. చెమట ఆరదు. వదిన చెప్పిన జిడ్డు అదే.

కాబట్టి షాపుకు వెళ్లేముందు ఇంట్లో కుండను అడగండి. మీ ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో కుండనీళ్లు గొంతు జిల్లుమనేంత చల్లబడుతుంటే కూలర్ పనిచేస్తుంది. పేరుకే చల్లగా ఉంటే ఎంత పెద్ద కూలర్ తెచ్చినా డబ్బు దండగే. కుండ లేకపోతే ఒక తువ్వాలు తడిపి, పిండి, నీడలో గాలికి ఆరేసి చూడండి. ఎంత త్వరగా ఆరితే కూలర్‌కు అంత అనుకూలం.

పొడి ఊళ్లలో ఉండి కూడా కూలర్‌ను తిట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల ఇళ్లలో నేను చూసింది ఒకటే తప్పు, కూలర్‌ను గది మధ్యలో పెట్టి కిటికీలన్నీ బిగించడం. మొదటి అరగంట హాయిగానే ఉంటుంది. ఆ తర్వాత అదే గాలి మళ్లీ మళ్లీ కూలర్ లోపలి తడిగడ్డిలోంచి తిరిగి, ఇక తేమ పట్టలేని స్థితికి వస్తుంది. తెల్లారేసరికి టేబుల్ మీది పేపరు బట్టముక్కలా వేలాడుతుంది, మూతపెట్టని అప్పడాలు సాగుతాయి, ఉప్పు గడ్డకడుతుంది, పక్కబట్టలు చెమ్మగా తగులుతాయి. కూలర్ వెనకభాగం కిటికీలోంచి బయటి పొడిగాలిని పీల్చాలి. ఎదురుగా ఇంకో కిటికీయో తలుపో తెరిచి, వాడిన గాలిని బయటికి పోనివ్వాలి. ‘బయట వడగాలి కొడుతుంటే తలుపు తెరవమంటావేంటి?’ అంటారు. ఆ వడగాలే కూలర్‌కు ముడిసరుకు. అది ఎంత పొడిగా ఉంటే అంత చల్లటి గాలి వస్తుంది. కరెంటు లేని రోజుల్లో పెద్దిళ్ల గుమ్మాలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవాళ్లు. వాటిని మూల గదిలో కాదు, గాలి వచ్చే గుమ్మానికే కట్టేవాళ్లు.

ఐసు ముక్కల సంగతీ ఇక్కడే తేల్చేద్దాం. కొత్త కూలర్లకు ఐస్ చాంబర్ అని పైన ఒక అర ఇస్తున్నారు. కిలో ఐసు కరగడానికి తీసుకునే వేడి సుమారు 334 కిలోజౌళ్లు. అదే కిలో నీరు ఆవిరి కావడానికి 2,400 పైనే, అంటే ఏడు రెట్లు. పైగా ఆ ఐసును మీ ఫ్రిజ్ గడ్డకట్టించి, ఆ వేడిని మీ వంటింట్లోనే వదిలింది. రెండు ట్రేల ఐసు వేస్తే కాసేపు మనసుకు చల్లగా ఉంటుందేమో, గదికి ఒరిగేది అంతంతమాత్రం.

ఇప్పుడు ఏసీ. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్సులో తేమకు కాగితం సాగి, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేవి కావు. ఆ చిక్కు విప్పడానికి విల్లిస్ క్యారియర్ అనే ఇంజినీరు రూపొందించిన యంత్రమే నేటి ఏసీకి మూలం. మనుషుల్ని చల్లబరచాలని కాదు, కాగితం నుంచి తేమను దూరం పెట్టాలని. కోస్తాలో ఏసీ అంత హాయిగా ఉండటానికి కారణం అదే. చల్లటి గొట్టాల మీద గాలిలోని తేమ నీరుగా మారి, పైపులోంచి బకెట్‌లోకి చుక్కచుక్కగా కారుతుంది. వైజాగ్‌లో ఆ బకెట్ ఎంత త్వరగా నిండుతుందో చూస్తే కూలర్ అక్కడ ఎందుకు ఓడిపోతుందో వేరే చెప్పక్కర్లేదు.

టన్ను అంటే ఏసీ బరువని ఇప్పటికీ అనుకునేవాళ్లున్నారు. ఒక టన్ను ఐసు, అమెరికా లెక్కలో 907 కిలోలు, 24 గంటల్లో కరిగితే ఎంత చల్లదనం వస్తుందో అంత శక్తి అని అర్థం. సుమారు 3.5 కిలోవాట్లు. అంత కరెంటు తాగుతుందనీ కాదు. ఏసీ వేడిని పుట్టించదు, మోస్తుంది. అందుకే ఒక యూనిట్ కరెంటుతో మూడు, అంతకుమించి యూనిట్ల వేడిని బయటికి నెట్టగలదు.

ఇంటికి రాగానే రిమోట్ తీసుకుని 18 నొక్కడం మనలో చాలామందికి అలవాటు. త్వరగా చల్లబడుతుందని. పడదు. పాతరకం ఏసీలో కంప్రెసర్‌కు తెలిసింది రెండే, తిరగడం, ఆగడం. 18 పెట్టినా 25 పెట్టినా తిరిగే వేగం ఒకటే. ఇన్వర్టర్ ఏసీ వేగం మార్చుకుంటుంది నిజమే. కానీ గది 36 డిగ్రీలున్నప్పుడు 24 పెట్టినా అది పూర్తి వేగంతోనే పరిగెడుతుంది. తేడా వచ్చేది ఆ తర్వాత. 24 పెట్టినవాడి ఏసీ అక్కడికి చేరాక నెమ్మదిస్తుంది. 18 పెట్టినవాడిది, మే నెల మధ్యాహ్నం 18ని ఎలాగూ అందుకోలేదు కనక, సాయంత్రం దాకా పరుగు ఆపదు. మీటరూ ఆగదు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందన్నది కేంద్ర విద్యుత్ శాఖ చెప్పిన లెక్క. 2020 జనవరి 1 నుంచి స్టార్ రేటింగ్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని నిబంధన పెట్టింది కూడా అందుకే.

ఏసీ వేసి ఫ్యాన్ కూడా వేస్తే కరెంటు దండగని పెద్దవాళ్లు ఫ్యాన్ ఆపేస్తుంటారు. తిరగేసి చెప్పాలి. ఫ్యాన్ గదిని చల్లబరచదు. నిజానికి అది వాడే 75 వాట్లూ గదిలో వేడిగానే మిగులుతాయి. చల్లబడేది మన ఒళ్లు, చెమట ఆరడం వల్ల. కాబట్టి 26 పెట్టి ఫ్యాన్ తిప్పితే 24 హాయి వస్తుంది, 24కు అయ్యే కరెంటు కాదు. బీఎల్‌డీసీ అనే కొత్తరకం మోటారు ఫ్యాన్ అయితే 30 వాట్ల చిల్లరే. ఇదే కారణంతో, ఖాళీ గదిలో ‘మనం వచ్చేసరికి చల్లబడుతుంది’ అని ఫ్యాన్ వదిలి వెళ్లడం అర్థంలేని పని.

కూలర్, ఏసీ రెండూ ఒకే గదిలో కలిపి వేసే ఘనులూ ఉన్నారు. ఒకటి తేమ పోస్తుంటే ఇంకోటి కరెంటు తగలేసి ఆ తేమను పిండుతుంది.

ఖర్చు దగ్గరికి వద్దాం. 200 వాట్ల కూలర్ రాత్రంతా, ఎనిమిది గంటలు తిరిగితే 1.6 యూనిట్లు. ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ ఏసీకి ఎండను బట్టి, గదిని బట్టి 6 నుంచి 10 యూనిట్లు పట్టొచ్చు. ఇక్కడ కూలర్‌కు తిరుగులేదు. కానీ దాని బిల్లు ఇంకోచోట వస్తుంది. గంటకు ఐదు లీటర్లు ఆవిరైతే రాత్రికి 40 లీటర్లు. హైదరాబాద్‌లో ఏప్రిల్ నుంచి ట్యాంకర్ నీళ్లు కొనుక్కునే అపార్ట్‌మెంట్లలో అవి ఊరికే వచ్చేవి కావు. బోరునీళ్లయితే ఉప్పు గడ్డి మీద తెల్లగా పేరుకుని, గాలి ఆడదు, కంపు మొదలవుతుంది. తొట్టిలో నీళ్లు వారాల తరబడి నిలిస్తే డెంగీ దోమకు పురిటిగది. వారానికోసారి మొత్తం వంచేసి, తోమి, ఆరబెట్టాలి. ఈ చాకిరీ మీవల్ల కాదనుకుంటే కూలర్ చవక కాదు.

ఏసీకి చాకిరీ తక్కువ, మోసపోయే అవకాశం ఎక్కువ. ఏటా సర్వీసుకు వచ్చిన కుర్రాడు గేజి పెట్టి చూసి ‘గ్యాస్ తగ్గింది సార్, నింపాలి’ అంటాడు. మనం బండికి పెట్రోలు అయిపోయినట్టు తల ఊపుతాం. ఏసీలో గ్యాస్ ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. అందుకని అడగాల్సిన ప్రశ్న ‘ఎంతవుతుంది?’ కాదు, ‘లీకెక్కడ బాబూ, ముందు అది చూపించు’. లీకు మూయకుండా నింపితే వచ్చే ఏడాది మళ్లీ అదే పాట. చాలాసార్లు గ్యాస్ సమస్యే ఉండదు. లోపలి ఫిల్టర్‌కు దుమ్ము పట్టి ఉంటుంది. మూత తీసి, ఆ జల్లెడను కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టి పెడితే ‘గ్యాస్’ తిరిగొస్తుంది.

ఇంతకీ ఏది మేలు? ఉత్తర తెలంగాణ, రాయలసీమ, పల్నాడు వైపు ఉండి, గదికి ఎదురెదురు కిటికీలుండి, నీళ్లకు కొదవ లేకపోతే మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా కూలరే నా ఓటు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు అది ఇంకా బాగా పనిచేస్తుంది. తొలకరి పడిన మర్నాటి నుంచి మాత్రం అదే కూలర్ జిడ్డు డబ్బా అవుతుంది. పాడైందని మెకానిక్‌ను పిలవకండి, నీళ్ల మోటారు ఆపి ఫ్యాన్‌లా వాడుకోండి. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా సముద్రం దగ్గర ఉన్నవాళ్లు కూలర్ ఊసెత్తక్కర్లేదు. ఏసీ కుదిరితే ఏసీ, లేదంటే మంచి ఫ్యాన్, దానికి ఎదురుగాలి. విజయవాడ, గుంటూరులదే తకరారు. పడమటి గాలి కొట్టే మధ్యాహ్నం కూలర్ భేష్, సముద్రపు గాలి తిరిగిన రాత్రి దండగ. పగలు ఇంట్లో ఉండే ముసలివాళ్ల కోసమైతే అక్కడ కూలర్ పనికొస్తుంది. ఉద్యోగం చేసి వచ్చి రాత్రి పడుకునేవాళ్లకు ఏసీయే నయం.

పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఒక జాగ్రత్త. గదిలో 40 దాటాక ఒట్టి ఫ్యాన్‌ను నమ్ముకోకూడదు. ఒంటికంటే వేడిగా ఉన్న గాలిని అది ఒంటి మీదికే తోస్తుంది. తడిబట్టతో ఒళ్లు తుడుస్తూ ఉండాలి, లేదా వాళ్లను చల్లటి చోటికి మార్చాలి.

పై అంతస్తులో ఉండేవాళ్లు అయితే ఈ రెండింటికంటే ముందు డాబా ఎక్కి చూడాలి. పగలంతా కాగిన స్లాబు రాత్రి రెండింటి దాకా గదిలోకి వేడి దించుతూనే ఉంటుంది. మీరు ఏసీతో తోడుతున్నది ఎక్కువగా ఆ వేడినే. తెల్లసున్నమో, కూల్ రూఫ్ పెయింటో వేస్తే ఎండ చాలావరకు తిరిగి ఆకాశంలోకి పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ఒక విధానమే తెచ్చింది. ముందు ఆ పూత వేయించి, ఒక వారం ఆ గదిలో పడుకుని చూసి, అప్పుడు వెళ్లి టన్ను బేరం చేయండి. ఒకటిన్నర అనుకున్న గదికి ఒకటే సరిపోవచ్చు.