సెకండ్‌హ్యాండ్ మీటియర్ 350: ఇద్దరు కూర్చుని దూరం వెళ్లాలంటే

బెంగళూరు నుంచి తిరుపతికో లేపాక్షికో జంటగా వెళ్లడానికి పాత క్రూజర్ వెతికేవాళ్లకు రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 మంచి ఎంపిక. 2020 నవంబరులో వచ్చిన బండి. 349 సీసీ, 15 లీటర్ల ట్యాంకు. వీలైతే ఇందులో సూపర్‌నోవా అనే వేరియంట్‌నే వెతకండి: వెనక కూర్చునేవాళ్లకు బ్యాక్‌రెస్ట్, ముందు గాలిని ఆపే అద్దం కంపెనీ నుంచే వస్తాయి.

కాళ్లు ముందుకు చాపి కూర్చుంటాం కాబట్టి గుంత వస్తే పైకి లేవలేం, దెబ్బంతా నడుముకే. అందుకే వెనక సీటులో మనిషిని కూర్చోబెట్టి, స్పీడ్‌బ్రేకర్ల మీద నడిపి చూడకుండా బేరమాడొద్దు. వెనక షాక్‌ల ప్రీలోడ్ (స్ప్రింగు బిగువు) ఇద్దరి బరువుకు తగ్గట్టు బిగించాకే తీర్పు చెప్పాలి.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. ముందే వేడెక్కించి ఉంచితే అనుమానించాల్సిందే. ముందు చక్రం పైకెత్తి హ్యాండిల్ తిప్పితే మధ్యలో పట్టేసినట్టుంటే స్టీరింగ్ బేరింగులు పోయినట్టే. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాల మీద నూనె తడి ఉంటే సీళ్లు మార్చాలి. స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్లచక్రం) పళ్లు కొక్కెంలా వంగితే చైన్ సెట్ మొత్తం మార్చాలి, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

ఏపీ, తెలంగాణ నంబరు బండైతే ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం), కర్ణాటక రోడ్డు ట్యాక్స్ లెక్క చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.