టీసీ ముందు తీసుకోమన్నాడంటే అక్కడే లేచి వచ్చేయండి (బీటెక్ ట్రాన్స్‌ఫర్ కన్సల్టెన్సీ)

కన్సల్టెన్సీ పేరు రాయను. పని చేయడంలో కాదు గానీ నోటీసులు పంపడంలో వాళ్లు మహా చురుకు. కూకట్‌పల్లి వైపు "ఏ యూనివర్సిటీ నుంచి ఏ కాలేజీకైనా" అని ఫ్లెక్సీ కట్టుకున్న బాపతు. మీలో సగం మందికి ఫోన్ వచ్చే ఉంటుంది. ప్రైవేట్ యూనివర్సిటీలో సీఎస్ఈ ఫస్టియర్ అయిన పిల్లాణ్ని జేఎన్‌టీయూహెచ్ అఫిలియేటెడ్ కాలేజీలో సెకండియర్‌కి మార్చడానికి 75 వేలు. ఫోన్‌పేలో, అదీ ఎవరిదో పర్సనల్ నంబరుకి. రసీదు మీద "గైడెన్స్ చార్జెస్" అని ఉంది, ట్రాన్స్‌ఫర్ అన్న మాటే లేదు. కళ్లద్దాలు పెట్టుకుని మరీ చదివి జేబులో పెట్టుకున్నాం. మా తెలివికి దండేయాలి.

"ముందు అక్కడ టీసీ తీసేయండి సార్, మిగతాది మేం చూసుకుంటాం." మోసమంతా ఈ ఒక్క ముక్కలోనే ఉంది. జరగాల్సింది సరిగ్గా తలకిందులు. మొదట చేరబోయే కాలేజీ ఆ బ్రాంచిలో సీటు ఖాళీ ఉందని రాతపూర్వకంగా ఇవ్వాలి. తర్వాత రెండు వైపులా ఎన్ఓసీలు, అంటే అభ్యంతరం లేదన్న కాగితాలు. ఆ పైన మార్కుల మెమోలు, పాత యూనివర్సిటీ ముద్ర వేసిన సిలబస్ కాపీ పెట్టి జేఎన్‌టీయూహెచ్ అనుమతి తెచ్చుకోవాలి. టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్ అన్నిటికన్నా చివర. టీసీ చేతికొచ్చాక వెనక్కి వెళ్లే దారి ఉండదు. వాడు ఎంత చెబితే అంత.

అసలు దెబ్బ జేఎన్‌టీయూహెచ్ ఇచ్చే క్లియరెన్స్ లెటర్ దగ్గర. రెండు సిలబస్‌లు పక్కపక్కన పెట్టి చూసి, మీరు అక్కడ చదవనివి, ఇక్కడ ఉన్నవి అన్నీ రాసి ఇస్తారు. అవన్నీ పాసవ్వాలి. ఆర్22లో (2022-23 నుంచి చేరినవాళ్లకి జేఎన్‌టీయూహెచ్ పెట్టిన రెగ్యులేషన్స్) సీఎస్ఈ వాళ్లకీ ఇంజనీరింగ్ కెమిస్ట్రీ ఉంది, పాత చోట అది లేకపోతే రాసి తీరాలి. ఇంకో తమాషా, పాసైన సబ్జెక్టే ఇక్కడ వేరే సెమిస్టర్‌లో ఉంటే మళ్లీ చదవాలి. డేటా స్ట్రక్చర్స్ అక్కడ ఫస్టియర్‌లో అయిపోయినా, ఆర్22లో సెకండియర్‌లో ఉంది కాబట్టి మళ్లీ కూర్చోవాల్సిందే. ఇది రెగ్యులేషన్స్‌లో అచ్చేసి ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు. 75 వేలు తీసుకున్నవాడు చదవలేదంటే నమ్మను.

లెటర్లో ఆరు సబ్జెక్టులు. ఆ కాగితం బల్ల మీద పెడితే, వాడు ఫోన్లోంచి తల కూడా ఎత్తకుండా అన్న మాట: "బ్యాక్‌లాగ్ లేని ఇంజనీర్ ఎవడున్నాడు సార్?" పక్క సీట్లో అమ్మాయి నవ్వింది. బ్యాక్‌లాగ్ కాదురా బాబూ, పిల్లాడు ఫెయిలవలేదు, ఆ పుస్తకం మొహమే చూడలేదు అంటే, "మా పని అడ్మిషన్ వరకే" అని తర్వాతి టోకెన్ పిలిచాడు. టోకెన్! కంటి డాక్టర్ దగ్గరలాగా.

చదవని సబ్జెక్టుకి ఇంటర్నల్స్ (కాలేజీలోనే పెట్టే పరీక్షలు) ఉండవు కదా. అవి రాయడానికి ఒక్క ఛాన్స్ ఇస్తారు, ఒక్కటే. ఆర్22లో ఇంటర్నల్ 40, ఎక్స్‌టర్నల్ 60. ఇంటర్నల్‌లో 14, ఎక్స్‌టర్నల్‌లో 21, రెండూ కలిపి 40 రావాలి. ఇవన్నీ సెకండియర్ సబ్జెక్టులతో పాటే. పైగా అనుమతుల కోసం తిరిగిన రోజుల్లో క్లాసులు మొదలైపోతాయి. హాజరు 75 శాతం లేకపోతే కండొనేషన్, అంటే తగ్గిన హాజరుకి మినహాయింపు అడుక్కోవాలి; 65 కన్నా తగ్గితే డిటెన్షన్, అంటే ఆ సెమిస్టర్ పరీక్షలకి కూర్చోనివ్వరు.

"ఇప్పుడు ఈఈఈలో చేరండి, తర్వాత సీఎస్ఈకి మార్చేస్తాం" అని కూడా చెబుతున్నారు. అడ్మిషన్లు ముగిశాక బ్రాంచి మార్పు లేదని అదే రెగ్యులేషన్స్‌లో ఉంది. "ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా తెప్పిస్తాం" అంటే నవ్వేసి ఊరుకోండి, అది కౌన్సెలింగ్‌లో సీటొచ్చిన కన్వీనర్ కోటా వాళ్లకే.

పాత కాలేజీ మిగతా మూడేళ్ల ఫీజు కడితేనే సర్టిఫికెట్లు అంటే, ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. దాని ప్రింటు తీసుకెళ్లి రాతపూర్వకంగా అడగండి, నోటిమాట వద్దు.

ఆ, ఇంకోటి. డబ్బు కట్టకముందే సిలబస్‌లు రెండూ డౌన్‌లోడ్ చేసి సెమిస్టర్ వారీగా మీరే పోల్చుకోండి. ఒక్క సాయంత్రం పని.