ఏటా మారే మాజాంగ్ కార్డు: 14 డాలర్లకు ఏమి వస్తుంది, ఏమి రాదు

అమెరికన్ మాజాంగ్ అంటే బొమ్మలూ అంకెలూ ఉన్న బిళ్ళల్లాంటి ముక్కలతో నలుగురు ఆడే ఆట. ఆడేవాళ్ళు దాని గెలుపు వరుసల పట్టికను ఉత్త ‘కార్డు’ అనే అంటారు. న్యూయార్క్‌లో 1937లో ఏర్పడిన నేషనల్ మాజాంగ్ లీగ్ ప్రతి వసంతంలోనూ ఒక కొత్త మడత కార్డును విడుదల చేస్తుంది. ఏయే ముక్కలు ఎలా కలిస్తే ఆట అయినట్టో ఆ ఏడాదికి అదే నిర్ణయిస్తుంది. ఇటీవలి సంవత్సరాల్లో మామూలు అక్షరాల కార్డు 14 డాలర్లకూ, పెద్ద అక్షరాలది 15 డాలర్లకూ దొరుకుతోంది. బల్ల దగ్గర నలుగురికీ తలా ఒకటి ఉండాలి, అందరిదీ ఆ ఏడాదిదే అయి ఉండాలి, కాబట్టి ఒకరు కొని నలుగురూ చూసుకుందామంటే కుదరదు. న్యూజెర్సీలో తెలుగు స్నేహితురాళ్ళతో వారం వారం ఆడుతూ కొన్నేళ్ళుగా దీన్ని వాడుతున్నాను కనుక, కొత్తగా మొదలుపెట్టాలనుకునే వారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. కార్డు తన ధరకు తగిన వస్తువే. అయితే మనస్పర్థలు రాకుండా ఆడుకోవడానికి కావలసిన దానిలో సగం దాని మీద ఉండదు; ఆ సగాన్ని ఆడేవాళ్ళే ముందుగా కూర్చుని ఖాయం చేసుకోవాలి.

అసలు ఏటా కార్డెందుకు అన్న ప్రశ్నకు కొంత చరిత్ర చెప్పక తప్పదు. చైనాలో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ ఉద్యోగిగా ఉన్న జోసెఫ్ పార్క్ బాబ్‌కాక్ అక్కడి ఆటను సరళం చేసి 1920లో నియమాల పుస్తకం వెలువరించాక, ఆ దశాబ్దంలో మాజాంగ్ అమెరికాను ఊపేసింది. ఎవరికి తోచిన నియమం వారు చేర్చుకుంటూ పోవడంతో ఒక ఇంట్లో నేర్చుకున్నవారు మరో ఇంట్లో ఆడలేని పరిస్థితి వచ్చింది. లీగ్‌ను నెలకొల్పిన మహిళలు, వారిలో ఎక్కువమంది న్యూయార్క్ యూదు కుటుంబాలవారు, అందరికీ ఒకే పట్టిక ఉండాలన్న ఉద్దేశంతోనే కార్డును తెచ్చారు. చైనా ఆటలో గెలుపు చేతులు, అంటే గెలిపించే ముక్కల కూర్పులు, ఆటగాళ్ళ బుర్రలో ఉంటాయి. అమెరికన్ ఆటలో కార్డు మీద ఉన్న వరుస తప్ప మరే వరుసా చెల్లదు.

కార్డు మడతలు విప్పితే 50కి అటూ ఇటూగా వరుసలు కనిపిస్తాయి. ఆ ఏడాది అంకెలతో కూర్చినవి, సరి సంఖ్యలవి, బేసి సంఖ్యలవి, వరుస సంఖ్యలవి, 3, 6, 9 అంకెలవి, దిక్కులు, డ్రాగన్లు అనే ముక్కలతో కట్టినవి, ఒంటి ముక్కలూ జతలతోనే పూర్తి కావలసినవి, ఇలా విభాగాలుగా ఉంటాయి. ప్రతి వరుస పక్కనా ఆ చేతికి ఎంత రావాలో 25 నుంచి మొదలుపెట్టి అంకె వేసి ఉంటుంది. దాని పక్కనే ఎక్స్ అక్షరం ఉంటే ఆట మధ్యలో ముక్కలు అందరికీ కనిపించేలా దించుకోవచ్చనీ, సి అక్షరం ఉంటే చివరిదాకా దాచి ఉంచాలనీ అర్థం. అచ్చు శుభ్రంగా ఉంటుంది, ప్లాస్టిక్ పూత వల్ల ఏడాది పొడుగునా చేతుల్లో నలిగినా చిరగదు.

కొత్తవారు తడబడేది రంగుల దగ్గర. ఒక వరుసలో రెండు పువ్వు ముక్కలు, తర్వాత నాలుగు 3లు నీలంలో, నాలుగు 6లు ఎరుపులో, నాలుగు 9లు ఆకుపచ్చలో ఉన్నాయనుకుందాం. చూడగానే ఆకుపచ్చ అంటే బ్యామ్ (వెదురు బొమ్మల ముక్కలు), ఎరుపు అంటే క్రాక్ (చైనా అక్షరాల ముక్కలు) అనుకోవడం సహజం, కానీ కార్డులో రంగు ఏ జాతినీ, అంటే పేకలో ఇస్పేటు, ఆటీన్ లాంటి రకాన్నీ, సూచించదు. మూడు రంగులున్నాయంటే మూడు వేర్వేరు జాతులు కావాలని, రెండు రంగులుంటే రెండు జాతులని, ఒకే రంగయితే అన్నీ ఒకే జాతివని మాత్రమే అర్థం. ఏ అంకె ఏ జాతిలో ఉండాలన్నది మన చేతిలోని ముక్కలను బట్టి మనమే ఎంచుకుంటాం. ఆ వరుస కింద చిన్న అక్షరాల్లో ఒక సూచన ఉంటుంది, ‘ఏ మూడు జాతులైనా’ అనో ‘ఈ అంకెలు మాత్రమే’ అనో. ఆ సూచన చదవకుండా చేయి కట్టుకుంటూ పోతే చివర ‘మాజాంగ్’ అని గెలుపు ప్రకటించాక చెల్లదని తేలుతుంది. నలభై దాటిన ప్రతివారికీ నా సలహా ఒక్కటే, ఆ ఒక్క డాలరు ఎక్కువ పెట్టి పెద్ద అక్షరాల కార్డే తెప్పించుకోండి.

మన ఇళ్ళల్లో రమ్మీ తెలియనివారు అరుదు కాబట్టి ఆట తీరును దానితో పోల్చి చెప్పడం సులువు. చేతిలో 13 ముక్కలు ఉండటం, పద్నాలుగోది ఎత్తి ఒకటి పడేయడం, ఎదుటివారు పడేసింది అవసరమైతే తీసుకోవడం, జోకరు కోసం ఎదురుచూడటం, ఇవన్నీ తెలిసినవే. తేడా ఏమిటంటే రమ్మీలో జోకరు ఎక్కడ ఇమిడితే అక్కడ సెట్టును నిలబెడుతుంది, ఇక్కడ మూడు లేదా అంతకు మించిన ఒకే రకం ముక్కల గుంపులో తప్ప, ఒంటి ముక్కగా గానీ జతలో గానీ దాన్ని వాడకూడదు. ఎవరైనా జోకరుతో దించుకున్న గుంపులో జోకరు స్థానంలోని అసలు ముక్క మన దగ్గరుంటే, మన వంతులో దాన్నిచ్చి ఆ జోకరును తెచ్చుకోవచ్చు. ఈ మార్పిడి రమ్మీ అలవాటైనవారికి మొదట్లో దోపిడీలా అనిపిస్తుంది గానీ అమెరికన్ ఆటకు రుచి తెచ్చేది అదే. పడేసిన జోకరును మాత్రం ఎవరూ తీసుకోకూడదు. ఈ నియమాలన్నీ కార్డు వెనుక క్లుప్తంగా ఉంటాయి, ఎంత క్లుప్తంగా అంటే ముందే తెలిసినవారికి గుర్తుచేసేటంత మాత్రమే.

చార్ల్‌స్టన్ అనే ముక్కల మార్పిడికి కూడా ఇదే వర్తిస్తుంది. ఆట మొదలవకముందే ప్రతివారూ తమకు అక్కరలేని మూడేసి ముక్కలను మొదట కుడివైపు వారికి, తర్వాత ఎదుటివారికి, తర్వాత ఎడమవైపు వారికి పంపుతారు, ఇది తప్పనిసరి. తర్వాత ఎడమ, ఎదురు, కుడి వరుసలో రెండో విడత ఉంటుంది, కానీ అది మొదలవకముందు ఎవరు వద్దన్నా ఆగిపోతుంది, కారణం చెప్పనక్కరలేదు. ఆఖరున ఎదురెదురుగా ఉన్నవారు ఒప్పుకుంటే సున్నా నుంచి మూడు దాకా ముక్కలు ఇచ్చిపుచ్చుకోవచ్చు, ఇద్దరిలో ఎవరు తక్కువ చెబితే అదే సంఖ్య. జోకర్లను ఎప్పుడూ పంపకూడదు. మొదటి విడతలోని ఎడమ మార్పిడిలోనూ రెండో విడతలోని కుడి మార్పిడిలోనూ మూడు ముక్కలు ఇవ్వలేనివారు తమకు వచ్చినవాటిని తిప్పి చూడకుండానే ముందుకు తోయవచ్చు. ఇక్కడే మర్యాద అవసరం. వచ్చిన ముక్కను ఓరగా చూసి తర్వాత తోయడం మోసమే, అది ఎంత నవ్వుతూ చేసినా సరే. రెండో విడత ఆపినవారి మీద సణగడం కూడా తప్పే. చేయి బాగా కుదిరినవారు ఆపడం వారి హక్కు.

ఇక కార్డు చెప్పని సగం సంగతికి వస్తాను. పడేసే ముక్క పేరు అందరికీ వినిపించేలా చెప్పాలి. ‘త్రీ బ్యామ్’ అన్నా ‘మూడు బ్యామ్’ అన్నా అభ్యంతరం లేదు, తెల్ల డ్రాగన్‌ను అందరిలాగే ‘సోప్’ అంటే చాలు, కానీ చెప్పకుండా మధ్యలోకి జారవిడవడం మాత్రం కూడదు. పేరు పలికాక గానీ ముక్క బల్లకు తాకాక గానీ వెనక్కి తీసుకునే ప్రసక్తి లేదు. ఆ ముక్క కావలసినవారు, తర్వాతి వారు కొత్త ముక్క ఎత్తి, తమ ముక్కలు నిలబెట్టుకునే ర్యాక్‌లో పెట్టుకునేలోగా అడగాలి, ఒకసారి పెట్టేశాక అవకాశం పోయినట్టే. అందువల్ల చేయి చురుకైనవారు గోడలోంచి, అంటే బల్ల మీద బోర్లించి పేర్చిన ముక్కల వరుసలోంచి, ముక్క లాగి మెరుపులా ర్యాక్‌లో పెట్టేసి ఎదుటివారి నోరు మూయించడం జరుగుతుంటుంది. నియమం ప్రకారం అందులో తప్పులేకపోవచ్చు, స్నేహం ప్రకారం ఉంది. మా బల్ల దగ్గర ఒక లిప్తపాటు ఆగి ముక్క పెట్టుకోవడం ఒప్పందం. అలాగే ముందువారు ముక్క పడేయకముందే గోడ మీద చేయి వేయకూడదు. ఒకే ముక్కను ఇద్దరు అడిగితే మాజాంగ్ అయ్యేవారికి మొదటి హక్కు, లేకపోతే వంతు దగ్గర్లో ఉన్నవారికి.

మాటల విషయంలో మనవాళ్ళకు మరికాస్త జాగ్రత్త అవసరమని నా అభిప్రాయం. ఒకావిడ 3లు, 6లు రెండు గుంపులు దించగానే పక్కనున్నావిడ ‘ఓహో, మూడూ ఆరూ తొమ్మిదా వదినా!’ అనేసిందనుకోండి, అప్పటిదాకా గమనించని మిగతా ఇద్దరూ తొమ్మిదులు బిగపట్టుకుంటారు, వదినగారి ఆట అక్కడితో సరి. దించిన ముక్కలను చూసి ఎదుటివారి చేయి ఊహించడం ఆటలో భాగమే, ఊహను పైకి చెప్పడం కాదు. ‘నాకు ఒక్క ముక్క చాలు’ అని ఊరించడం, ‘ఈ చేతితో ఏం చేయగలం’ అని వాపోవడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. ఒకరి గుంపు కార్డులోని ఏ వరుసకూ సరిపోకపోతే, లేదా ముక్కల లెక్క తప్పితే, వారి చేయి చెల్లదని చెప్పే హక్కు తోటి ఆటగాళ్ళకు ఉంది. అప్పటినుంచి వారు ముక్క ఎత్తరు, పడేయరు, కానీ గెలిచినవారికి డబ్బు మాత్రం మామూలుగానే ఇస్తారు. చెప్పేటప్పుడు ‘అక్కా, ఒకసారి కార్డు చూసుకుంటారా’ అని మొదలుపెడితే, నిజంగా చెల్లనప్పుడు కూడా ముఖం మాడ్చుకోవలసిన పని ఉండదు.

ఇంటింటికీ మారే అదనపు నియమాలను మొదటి గోడ కట్టకముందే తేల్చుకోవాలి. గోడ చివరికి వచ్చాక, అప్పటిదాకా ఎవరూ వేయని ముక్క వేసి గెలిపించినవారు అందరి తరఫునా చెల్లించాలన్నది కొందరు పాటించే ‘హాట్ వాల్’. చివరి గోడలో ఎవరైనా వేసిన ముక్కతో గెలవకూడదు, సొంతంగా ఎత్తాల్సిందే అన్నది ‘కోల్డ్ వాల్’. ఈ రెండూ నాకు నచ్చవు. మొదటిది కొత్తవారిని భయపెడుతుంది, రెండోది చివరి పది నిమిషాలను నిస్సారం చేస్తుంది. ఖాళీ బిళ్ళలు చేర్చి, వాటితో పడేసిన ముక్కలను మార్చుకునే పద్ధతి సరదాగానే ఉంటుంది, అయితే కార్డు అలవాటయ్యాక మొదలుపెట్టడం మంచిది.

డబ్బుల లెక్క తేలికే. కార్డులో 25 అని ఉంటే 25 సెంట్లు. ముక్క వేసి గెలిపించినవారు రెట్టింపు, మిగతావారు అంతే ఇస్తారు, గెలిచినవారు తామే ఎత్తుకుంటే అందరూ రెట్టింపు ఇస్తారు. ఒక్క జోకరు కూడా లేకుండా గెలిస్తే మళ్ళీ రెట్టింపు, ఒంటి ముక్కలు, జతల విభాగానికి మాత్రం అది వర్తించదు. ఒకరు గరిష్ఠంగా ఎంత పోగొట్టుకోవచ్చో ముందే పరిమితి పెట్టుకుంటారు, దాన్ని ‘పై’ అంటారు. ఐదు డాలర్ల పై సర్వసాధారణం. డబ్బు పెట్టి ఆడటం ఇష్టంలేనివారు లెక్క కాగితం మీద రాసుకున్నా ఆటకు లోటు రాదు.

కార్డుతో పాటు సెట్టు రాదన్న సంగతి కొందరికి కార్డు చేతికొచ్చాకే తెలుస్తుంది. అమెరికన్ ఆటకు 152 ముక్కలు కావాలి: మూడు జాతులవి 108, దిక్కులు 16, డ్రాగన్లు 12, పువ్వులు 8, జోకర్లు 8. జోకర్లు లేని 144 ముక్కల చైనా సెట్టు దీనికి చాలదు. జోకర్లు, పువ్వులు ఎనిమిదేసి ఉండాలన్నది 1971లో స్థిరపడింది, అందుకే పాత సెట్లలో పువ్వుల మీద స్టిక్కర్లు అంటించి జోకర్లు చేసుకున్నవి కనిపిస్తాయి. వన్ బ్యామ్ ముక్క మీద వెదురు బదులు పక్షి బొమ్మ ఉంటుంది, దాన్ని పువ్వుగా పొరబడటం అందరికీ జరిగేదే. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు నుంచి మేము తెప్పించిన సెట్టులో రెండు ముక్కల వెనుక రంగు కాస్త పాలిపోయి ఉంది. గోడలో ఆ ముక్కలెక్కడున్నాయో అందరికీ తెలిసిపోవడంతో మార్పించుకోవలసి వచ్చింది. సెట్టు రాగానే అన్నింటినీ బోర్లించి వెలుతురులో ఒకసారి చూసుకోవాలి. బల్ల మీద జంతికలు, మిక్చరు పెట్టకండి. నూనె వేళ్ళ ముద్రలు పడితే ఆ ముక్కలూ గుర్తుపట్టేలా అవుతాయి. టీ కప్పులకు పక్కన ఒక స్టూలు వేయండి.

కార్డును లీగ్ నుంచి నేరుగా తెప్పించుకోవడమే మేలు. బృందంగా తెప్పించుకుంటే వారు సూచించిన సేవాసంస్థకు లీగ్ కొంత విరాళం ఇచ్చే పద్ధతి కూడా ఎన్నాళ్ళుగానో ఉంది. ఫిబ్రవరిలోగా ఆర్డరిస్తే వసంతంలో కొత్తది రాగానే అందుతుంది. శరదృతువులో నేర్చుకోవడం మొదలుపెట్టేవారు మాత్రం, ఎలాగూ వసంతంలో మారిపోయే కార్డు కదా అని ఆగనక్కరలేదు. వరుసలు మారినా విభాగాలూ, చదివే పద్ధతీ దాదాపు అవే ఉంటాయి కాబట్టి పాత కార్డు మీద చేసిన సాధన వృథా కాదు. ఆ కొద్ది నెలలకు ఎవరైనా పరిచయస్థులు తమ దగ్గరున్న అదనపు కార్డులు ఇస్తే తీసుకోండి, కొత్తవి వచ్చాక నలుగురూ ఒకేసారి మారండి.